రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారో లెక్కపెట్టండి



పోయిన నెల అరిసెల పాకం గురించి రాశాక చాలా ఉత్తరాలు వచ్చాయి. పాకం ముదిరిపోతే ఏం చేయాలనీ, పాత బెల్లంతో అరిసెలు వస్తాయా అనీ అడిగారు. వాటి మధ్యలో ఒక ఉత్తరం మాత్రం వంట గురించి కాదు. ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి ఒక సోదరి రాసింది. "మా మావగారికి 72 ఏళ్ళండీ. రాత్రి అయిదారుసార్లు ఒంటికి లేస్తారు. ఏమైందని అడిగితే కసురుకుంటారు. మందుల షాపులో చెబితే ఒక మాత్ర ఇచ్చారు. వేయమంటారా, వద్దంటారా?"

అమ్మా, వేయమనడానికీ వద్దనడానికీ నేను డాక్టర్ని కాను. ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేసి అత్తవారింటికి వచ్చినదాన్ని. కాని మా మావయ్యగారి మందులు పదేళ్ళుగా నా చేతిమీదుగానే నడుస్తున్నాయి. డాక్టర్ల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నవీ, చదివి నోట్‌బుక్కులో రాసుకున్నవీ ఉన్నాయి. అవన్నీ ఈ వారం చెబుతాను. ఇది ఒక్క ఎలమంచిలి సోదరి కష్టం కాదు. అరవై దాటిన మగవాళ్ళున్న ఏ ఇంట్లోనైనా ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే.

మగవాళ్ళు చెప్పరు, మనమే కనిపెట్టాలి

మోకాలు నొప్పి వస్తే వీధంతా చెప్పుకునే పెద్దాయన ఈ విషయం మాత్రం కట్టుకున్న భార్యకి కూడా చెప్పరు. వయసు వచ్చాక ఇంతేలే అని ఊరుకుంటారు. అంచేత నోటితో చెప్పింది కాదు, చేసే పనులు చూడాలి. ఎప్పుడూ ముందుండే మనిషి పెళ్ళిళ్ళకి రానంటారు. నూకాలమ్మ జాతరకి లైన్లో నిలబడలేనంటారు. విశాఖ బస్సెక్కమంటే వద్దంటారు. లంకెలపాలెం దగ్గరో గాజువాక దగ్గరో ట్రాఫిక్కులో బస్సు ఆగిపోతే ఏం గతి అని ఆయన భయం. సాయంత్రం నాలుగు దాటితే మంచినీళ్ళు ముట్టరు. పంచె తనే తడిపి తనే ఆరేసుకుంటారు. ఇలాంటివి రెండు మూడు కనబడ్డాయంటే విషయం అదేనని అనుమానించండి.

మన ఊళ్ళో పాత ఇళ్ళలో మరుగుదొడ్డి పెరట్లో ఉంటుంది. రాత్రి రెండు గంటలకి నిద్రకళ్ళతో, చీకట్లో, తడి గచ్చు మీద ఆ వయసు మనిషి అయిదుసార్లు నడిస్తే ఒకరోజు కాకపోతే ఒకరోజు కాలు జారుతుంది. తుంటి ఎముక విరిగితే ఆ తర్వాత మంచమే. ఈ సంగతి తేలిగ్గా తీసుకోవద్దని నేననేది ఇందుకే.

అసలు ఆ గ్రంథి ఏమిటి?

మూత్రాశయం కిందుగా, మూత్రం బయటికి వచ్చే గొట్టం చుట్టూ ప్రోస్టేట్ అనే గ్రంథి ఉంటుంది. ఇది మగవాళ్ళకే ఉంటుంది. పడుచువయసులో సుమారు 20 గ్రాములుంటుంది. వయసు పెరిగేకొద్దీ ఇది లావవుతుంది. అరవైలలో ఉన్న మగవాళ్ళలో సగంమందికైనా ఎంతో కొంత పెరిగే ఉంటుంది. ఎనభై దాటినవాళ్ళలో ఇంకా ఎక్కువ. లావైన గ్రంథి గొట్టాన్ని నొక్కితే ధార సన్నబడుతుంది, ఆగి ఆగి వస్తుంది, పూర్తిగా అయినట్టుండదు. ఇది క్యాన్సరు కాదు, క్యాన్సరుగా మారేదీ కాదు. ఈ మాట పెద్దాయనకి ముందే చెబితే సగం బెంగ తగ్గుతుంది. సగంమంది ఆ భయంతోనే డాక్టరు దగ్గరికి వెళ్ళరు.

అయితే రాత్రి లేచిన ప్రతి మగవాడికీ ప్రోస్టేటే కారణమనుకోకూడదు. షుగరు ఎక్కువైనా ఎక్కువసార్లు వెళ్తారు. మూత్రంలో చీము ఉన్నా, రాయి ఉన్నా, గుండె బలహీనపడి కాళ్ళు వాచినా, మలబద్ధకం ఉన్నా, గురక పెట్టి నిద్ర చెదిరే జబ్బున్నా అంతే. వేసుకుంటున్న మాత్రల వల్ల కూడా కావచ్చు. ఈ చివరి మాటే ఈ వారం నేను గట్టిగా చెప్పాలనుకున్నది.

మాత్రకి ముందు మూడు పనులు

మొదటి పని: ఇంట్లో ఉన్న మందులన్నీ, బీపీవీ, షుగరువీ, నిద్రవీ, జలుబువీ, నాటుమందు పొడులతో సహా ఒక గుడ్డసంచిలో వేయండి. డాక్టరు బల్లమీద ఆ సంచి బోర్లించండి. "ఇవి కాక ఇంకేం లేవండీ" అని చెప్పగలగాలి. చీటీలు చూపిస్తే చాలదు. చీటీలో రాసింది వేరు, ఇంట్లో మింగుతున్నది వేరు అయిపోతుంది.

రెండో పని: మూడు రోజుల లెక్క. ఒక పాత ప్లాస్టిక్ మగ్గు మీద కొలతలు గీసి బాత్‌రూమ్‌లో ఇంక దానికే పెట్టేయండి. ఎన్ని గంటలకి, ఎంత వచ్చింది అని పెద్దాయన్నే రాయమనండి. మనం రాస్తామంటే ఒప్పుకోరు. ఎన్ని నీళ్ళు, ఎన్ని టీలు తాగారో కూడా రాయాలి. మూడు రోజులయ్యాక రాత్రి లెక్క విడిగా కూడండి. పొద్దున్న లేవగానే పోసింది కూడా రాత్రి లెక్కలోకే వస్తుంది. రోజు మొత్తం 1500 మిల్లీలీటర్లయి, అందులో 700 రాత్రే వచ్చిందనుకోండి, అప్పుడు తంటా గొట్టం దగ్గర కన్నా రాత్రిపూట మూత్రం ఎక్కువ తయారవడంలో ఉందన్నమాట. మొత్తంలో మూడోవంతు కన్నా ఎక్కువ రాత్రి వస్తుంటే డాక్టర్లు అలాగే అనుమానిస్తారు. దానికి ప్రోస్టేట్ మాత్ర ఒక్కటే వేస్తే పెద్దగా ఫలితం ఉండదు. అదే, ప్రతిసారీ 60, 80 మిల్లీలీటర్లే వస్తూ పదిహేనుసార్లు వెళ్తుంటే అది వేరే కథ. ఈ కాగితం మీ డాక్టరుకి ఎంత పనికొస్తుందో మీరే చూస్తారు.

మూడో పని: ఏడు ప్రశ్నలు. 1992లో అమెరికా యూరాలజీ డాక్టర్ల సంఘం తయారుచేసిన ప్రశ్నల పట్టిక ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్నారు. గత నెల రోజుల్లో ఎలా ఉందో అడగాలి.

1. వెళ్ళివచ్చాక ఇంకా మిగిలిపోయినట్టుందా?
2. రెండు గంటలు తిరక్కుండానే మళ్ళీ వెళ్ళాల్సి వస్తోందా?
3. ధార ఆగి ఆగి వస్తోందా?
4. వచ్చిందంటే ఆపుకోవడం కష్టమవుతోందా?
5. ధార సన్నబడిందా?
6. మొదలవడానికి ముక్కాల్సి వస్తోందా?
7. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు?

మొదటి ఆరింటికీ అసలు లేకపోతే 0, దాదాపు ప్రతిసారీ ఉంటే 5. ఏడోదానికి ఎన్నిసార్లు లేస్తే అన్ని, 5 దాటితే 5. మొత్తం 35. 7 లోపు అయితే కొద్దిపాటిది. 8 నుంచి 19 మధ్యస్థం. 20 దాటితే ఎక్కువ. వీటికి తోడు చివర్లో ఇంకో మాట కూడా అడుగుతారు. "జీవితాంతం ఇలాగే ఉంటే మీకెలా ఉంటుంది?" అని. నాకు నచ్చింది ఆ ప్రశ్నే. ఎందుకంటే లెక్క తక్కువుండి, మనిషికి బాధ లేకపోతే మాత్రే అక్కర్లేదు. అలవాట్లు మార్చుకుని, ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. లెక్క అంతే ఉన్నా, ఇల్లు కదలడం మానేసిన మనిషికి వైద్యం చేయించాలి.

ఆ తర్వాత డాక్టరు మూత్ర పరీక్ష, షుగరు, కిడ్నీలకి క్రియాటినిన్ రాస్తారు. స్కానింగులో గ్రంథి ఎంతుందో, మూత్రం పోసేశాక లోపల ఎంత మిగిలిందో చూస్తారు. అవసరాన్ని బట్టి పీఎస్ఏ అనే రక్తపరీక్ష కూడా చేయిస్తారు. వేలితో చూసే పరీక్ష ఒకటుంది. పెద్దాయన ససేమిరా అంటారు. "ఒక్క నిమిషం పని మావయ్యగారూ" అని మీ ఆయన చేత చెప్పించండి. కోడలు చెబితే బాగుండదు.

మా ఇంట్లో జరిగింది

మా మావయ్యగారు బెల్లం మార్కెట్లో గుమాస్తాగా నలభై ఏళ్ళు పనిచేశారు. రోజంతా నిలబడే ఉద్యోగం. మొదట బీపీకి ఆమ్లోడిపిన్ మాత్ర రాశారు. బీపీ తగ్గింది. కొన్నాళ్ళకి పాదాలు వాచాయి. నిలబడి నిలబడి వాచాయనుకున్నారాయన. ఇంకో డాక్టరు దగ్గర చూపిస్తే వాపు తగ్గడానికి నీళ్ళ మాత్ర రాశారు. మూత్రం ఎక్కువైంది, రాత్రి నాలుగుసార్లు లేవడం మొదలైంది. మరొక చోట చూపిస్తే, స్కానింగులో గ్రంథి కొంచెం పెరిగి ఉండటంతో ప్రోస్టేట్ మాత్ర రాశారు. ఆ మాత్రా బీపీని కొంత తగ్గించేదే. వారం తిరక్కుండానే ఒక రాత్రి మంచం మీద నుంచి లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పెరటి గుమ్మం దగ్గర పడ్డారు. దేవుడి దయ, మణికట్టు బెణికి ఊరుకుంది.

ముగ్గురు డాక్టర్లలో ఎవరూ చెడ్డ మందు రాయలేదు. ఎవరి ముందు కనబడ్డదానికి వాళ్ళు రాశారు. మూడు చీటీలూ ఒక బల్లమీద పక్కపక్కన పడింది మాత్రం ఆయన పడ్డాక, నేను సంచి పట్టుకెళ్ళినప్పుడే. ఒక జనరల్ డాక్టరుగారు ఓపిగ్గా అన్నీ చూసి, ఆమ్లోడిపిన్ వల్ల పాదాలు వాయడం చాలామందిలో ఉన్నదేననీ, ఆ వాపుకి నీళ్ళ మాత్ర పెద్దగా పనిచేయదనీ చెప్పారు. బీపీ మాత్ర మార్చి నీళ్ళ మాత్ర తీసేశారు. ప్రోస్టేట్ మాత్ర ఒక్కటీ ఉంచారు. నెలరోజులకి పాదాల వాపు దిగింది. ఇప్పుడు రాత్రి ఒకసారి, ఒక్కోరోజు రెండుసార్లు లేస్తారు.

ఒక మందు వల్ల వచ్చిన బాధని కొత్త జబ్బనుకుని ఇంకో మందు వేయడం, దానివల్ల వచ్చినదానికి మరొకటి వేయడం గురించి పౌలా రోషన్, జెర్రీ గుర్విట్జ్ అనే ఇద్దరు డాక్టర్లు 1990లలోనే రాశారు. 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన వాళ్ళ వ్యాసం చాలా పేరు పొందింది. మెట్టు మీద మెట్టుగా మందులు పెరిగిపోతాయని వాళ్ళు చెప్పింది మా పెరటి గుమ్మం దగ్గర కళ్ళారా చూశాం.

అలాగని ఎవరూ బీపీ మాత్ర, నీళ్ళ మాత్ర మీ అంతట మీరు ఆపకండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి నీళ్ళ మాత్రే ప్రాణం. దాన్ని ఏ పూట వేసుకుంటే రాత్రి ఇబ్బంది ఉండదో డాక్టర్ని అడగండి. షుగరుకిచ్చే డాపాగ్లిఫ్లోజిన్‌లాంటి మాత్రలు చక్కెరని మూత్రంలో బయటికి పంపించేస్తాయి, కాబట్టి మూత్రం ఎక్కువవుతుంది. 2020లో దాని పేటెంటు తీరాక ధర తగ్గి, మన దగ్గర చాలామందికి రాస్తున్నారు. అది మొదలుపెట్టాకే రాత్రిళ్ళు లేవడం ఎక్కువైందా అని గుర్తుచేసుకోండి.

ఏ మాత్ర ఏం చేస్తుంది?

మొదటి రకం, బిగుసుకున్న కండరాన్ని వదులు చేసేవి. టామ్సులోసిన్, ఆల్ఫుజోసిన్, సైలోడోసిన్ అని పేర్లుంటాయి. ఈ జాతి మందులు మొదట్లో బీపీకి వాడినవే. ప్రజోసిన్, టెరజోసిన్ అలాంటివి. కొన్ని రోజుల్లోనే గుణం కనిపిస్తుంది. గ్రంథిని మాత్రం చిన్నది చేయవు. నిలబడగానే కళ్ళు తిరగడం వీటితో రావచ్చు, ముఖ్యంగా మొదటి రోజుల్లోనూ, మోతాదు పెంచినప్పుడూ. టామ్సులోసిన్ రోజూ ఒకే పూట భోజనమైన అరగంటకి, నమలకుండా, గొట్టం విప్పకుండా మింగించాలి. కొన్నాళ్ళు మానేసి మళ్ళీ మొదలుపెట్టాలంటే డాక్టర్ని అడిగి మొదలుపెట్టాలి.

రెండో రకం, గ్రంథిని నెమ్మదిగా చిన్నది చేసేవి. ఫినస్టెరైడ్, డ్యూటస్టెరైడ్. వీటికి ఆర్నెల్లు ఓపిక పట్టాలి. నెలకే ఫలితం లేదని మానేస్తే డబ్బు దండగ. గ్రంథి బాగా పెరిగినవాళ్ళకే ఇవి ఉపయోగం, చిన్న గ్రంథికి అనవసరం. ఈ మందు పుట్టుక కథ వింతగా ఉంటుంది. కరేబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక పల్లెలో కొందరు మగపిల్లలకి పుట్టుకతోనే శరీరంలో ఒక ఎంజైము లోపం ఉండేది. పెద్దయ్యాక కూడా వాళ్ళకి ప్రోస్టేట్ చిన్నగానే ఉండిపోయేది. 1974లో ఆ సంగతి శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఆ ఎంజైమునే ఆపే మందు తయారుచేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచనతో మెర్క్ కంపెనీ ఫినస్టెరైడ్ తెచ్చింది. 1992లో అమెరికాలో అనుమతి వచ్చింది. 2006లో అక్కడ పేటెంటు తీరినప్పుడు, మెర్క్‌తో ఒప్పందం చేసుకుని దాన్ని జెనెరిక్‌గా అమ్మింది మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కంపెనీయే.

రెండూ కలిపి వేస్తే మంచిదా? 2003లో అమెరికాలో 3047 మంది మగవాళ్ళ మీద నాలుగున్నరేళ్ళు చేసిన పరిశోధన ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళతో పోలిస్తే రెండు మందులూ కలిపి వేసుకున్నవాళ్ళలో జబ్బు ముదరడం 66 శాతం తగ్గింది. ఏదో ఒకటే వేసుకున్నవాళ్ళలో 34 నుంచి 39 శాతం తగ్గింది. అంచేత గ్రంథి పెద్దదై, బాధ ఎక్కువగా ఉన్నవాళ్ళకి రెండూ కలిపి ఇవ్వడంలో అర్థం ఉంది. అందరికీ మొదటి రోజు నుంచే రెండూ అక్కర్లేదు.

మూడో రకం, మూత్రాశయాన్ని నెమ్మదింపజేసేవి. ఆపుకోలేకపోవడం ఎక్కువున్నవాళ్ళకి ఇస్తారు. ఆక్సిబ్యుటినిన్, టాల్టెరోడిన్, సోలిఫెనాసిన్ అని ఉంటాయి. వీటితో నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, పెద్దవాళ్ళలో మతిమరుపు, తికమక రావచ్చు. లోపల మూత్రం మిగిలిపోతున్నవాళ్ళకి వీటితో మూత్రం బిగిసే ప్రమాదం ఉంది. ఇందుకే ముందు స్కానింగు. మిరాబెగ్రాన్ అనే మందుకి ఈ మతిమరుపు బెడద లేదు గాని బీపీ చూసుకుంటూ ఉండాలి. మతిమరుపు జబ్బుకి డొనెపెజిల్ వాడుతున్న పెద్దాయనకి ఆపుకోలేకపోవడం కొత్తగా వస్తే, అది ఆ డొనెపెజిల్ వల్లేమో ముందు అడగండి.

మరిచిపోకూడనివి

* పేరు వేరైనా మందు ఒకటే కావచ్చు. యూరిమాక్స్, వెల్టామ్ రెండూ టామ్సులోసినే. ఇద్దరు డాక్టర్లు చెరొకటి రాస్తే రెండింతలు పడినట్టే. పక్కన "డి" అక్షరం ఉంటే అందులో డ్యూటస్టెరైడ్ కూడా కలిసి ఉంటుంది. స్ట్రిప్పు మీద పెద్ద అక్షరాల కింద ఉన్న చిన్న అక్షరాలు చదవండి. కంటికి ఆనకపోతే పిల్లల చేత చదివించండి.

* కంట్లో శుక్లాల ఆపరేషనుకి వెళ్ళేముందు, టామ్సులోసిన్ వాడుతున్నారనీ, ఎప్పుడో వాడి మానేశారనీ అయినా సరే, కంటి డాక్టరుకి చెప్పి తీరాలి. ఈ మందు వల్ల ఆపరేషను సమయంలో కంటిపాప చుట్టూ ఉండే పొర వదులై ఇబ్బంది పెడుతుందని 2005లో ఇద్దరు అమెరికా కంటి డాక్టర్లు కనిపెట్టారు. ముందే తెలిస్తే సర్జను తగిన జాగ్రత్తలు తీసుకుంటారు. నాలుగు రోజులు ముందు మానేస్తే సరిపోతుందనుకోవద్దు. ఆపరేషను దగ్గరలో ఉంటే, ఆ మాత్ర కొత్తగా మొదలుపెట్టడం వాయిదా వేయొచ్చేమో అడగండి.

* ఫినస్టెరైడ్, డ్యూటస్టెరైడ్ వాడేవాళ్ళ పీఎస్ఏ లెక్క ఆరునెలలు, ఏడాదిలో సగానికి పడిపోతుంది. పరీక్ష రాసే డాక్టరుకి ఈ మందు సంగతి చెప్పకపోతే, పెరిగిన లెక్క కూడా మామూలుగా ఉన్నట్టు కనబడుతుంది.

* పురిటికి వచ్చిన కూతుళ్ళున్న ఇళ్ళు గమనించాలి. విరిగిన ఫినస్టెరైడ్ మాత్రని, కారిన డ్యూటస్టెరైడ్ గొట్టాన్ని గర్భిణులు చేత్తో ముట్టుకోకూడదు. కడుపులో మగబిడ్డ అయితే ఎదుగుదలకి దోషం. తాతగారి మందులు అమ్మాయి చేత తీయించకండి.

* ఈ రెండో రకం మందులతో కొందరికి కోరిక, పటుత్వం తగ్గుతాయి. మొదటి రకంలో కొన్నిటితో, ముఖ్యంగా సైలోడోసిన్‌తో, వీర్యం బయటికి రాదు. ప్రమాదం కాదు. కాని ముందు చెప్పకపోతే మగవాళ్ళు ఎవరికీ చెప్పకుండా మందు మానేస్తారు. దాంపత్యానికి వాడే సిల్డెనాఫిల్‌లాంటి మాత్రలు వీటితో కలిస్తే బీపీ పడిపోవచ్చు. ఇది అత్తగారో, ఆయనో డాక్టరుతో ఒంటరిగా మాట్లాడుకోవాల్సిన విషయం.

* జలుబు మాత్రలతో జాగ్రత్త. మా వీధిలో ఒక పెద్దాయన చలికాలంలో షాపులో జలుబు మాత్రలు కొనుక్కుని రెండు రోజులు వేసుకున్నారు. మూడోరోజుకి చుక్క రాలేదు. పొట్ట రాయిలా అయిపోయి, గొట్టం వేయించుకునేదాకా నరకం చూశారు. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ ప్రోస్టేట్ ఉన్నవాళ్ళకి మూత్రం బిగించేస్తాయి. నిద్రకి, నరాల నొప్పికి ఇచ్చే ఎమిట్రిప్టిలిన్, కడుపు నొప్పికిచ్చే డైసైక్లోమిన్ కూడా అంతే. షాపులో ఏది కొన్నా "ప్రోస్టేట్ ఉంది" అని ముందు చెప్పండి.

* మాత్ర మొదలుపెట్టిన నెల, నెలన్నరకి తిరిగి చూపించండి. ఏడు ప్రశ్నల లెక్క మళ్ళీ వేయండి. 22 కాస్తా 12 అయితే సరే. 22 అలాగే ఉంటే ఆ మాత్ర ఎందుకు మింగుతున్నట్టు? "ఇది కొనసాగించాలా?" అని అడగడం తప్పేం కాదు.

వంటింటి సంగతులు

ఈ సమస్యకి బార్లీ నీళ్ళు, పల్లేరు కషాయం, కొండపిండి ఆకు అని ఊళ్ళో ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చెబుతారు. పెరిగిన గ్రంథిని బార్లీ నీళ్ళు తగ్గించలేవు. పైగా రాత్రి పడుకోబోయే ముందు గ్లాసుడు తాగిస్తే ఇంకో రెండుసార్లు లేస్తారు. విదేశాల్లో బాగా అమ్ముడయ్యే సా పామెట్టో అనే మూలిక మీద 2006లో 225 మందితో పరిశోధన చేస్తే ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగేమీ కనబడలేదు. నాటుమందులు వాడుతుంటే దాచకుండా ఆ పొట్లం కూడా సంచిలో వేయండి.

నీళ్ళు మాన్పించొద్దు. మన ఊరి ఉక్కలో అది ఇంకో ప్రమాదం. మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, మలబద్ధకం వస్తుంది. గుండె, కిడ్నీ డాక్టర్లు నీళ్ళు తగ్గించమని చెప్పనివాళ్ళకి పొద్దుటి నుంచి సాయంత్రం అయిదులోపు నీళ్ళు బాగా ఇవ్వండి. చోడంబలి, మజ్జిగ, కొబ్బరినీళ్ళు పగలే పూర్తిచేయండి. టీ, కాఫీ మధ్యాహ్నం తర్వాత వద్దు. రాత్రి భోజనం ఏడుకల్లా పెట్టేయండి. చారు, పులుసు, ఆనపకాయ కూర, పుచ్చకాయ ముక్కలు పగటి భోజనంలోకి మార్చి, రాత్రికి రెండు పుల్కాలు, బీరకాయ వేపుడులాంటిది పెట్టండి. ఉప్పు ఎక్కువైతే రాత్రి మూత్రం ఎక్కువవుతుంది. అంచేత రాత్రి భోజనంలో ఊరగాయ, అప్పడం, ఎండుచేప తగ్గించాలి. విరేచనం సాఫీగా అయ్యేలా తోటకూర, గోరుచిక్కుడు, జామపండు పగలు తినిపించండి.

కాళ్ళు వాచేవాళ్ళు మధ్యాహ్నం గంటసేపు కాళ్ళకింద దిండు పెట్టుకుని పడుకుంటే, ఆ నీరు రాత్రి కాకుండా పగలే దిగిపోతుంది. పడుకునేముందు ఒకసారి వెళ్ళి, అయిదు నిమిషాలాగి మళ్ళీ ఒకసారి వెళ్ళమనండి. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని, ఆ తర్వాతే నిలబడాలి. పెరటి దారిలో చిన్న బల్బు వెలుగుతూ ఉండాలి. మంచం పక్కన మూతున్న యూరిన్ డబ్బా పెడితే ఇంకా మంచిది. మొదట మావయ్యగారు చిన్నతనంగా ఉందన్నారు. వానాకాలం రాగానే ఆయనే అడిగి పెట్టించుకున్నారు.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సినవి

చుక్క కూడా రాకుండా పొట్ట కింద నొప్పి పుట్టినా, మూత్రంలో రక్తం పడినా, చలిజ్వరంతో మంట ఉన్నా, కాళ్ళు హఠాత్తుగా బలం తప్పి మూత్రం తెలియకుండా పోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. మూత్రం బిగిస్తే మన ఎన్టీఆర్ ఆసుపత్రికైనా, దగ్గర్లోని ఏ పెద్ద ఆసుపత్రికైనా వెంటనే వెళ్ళి గొట్టం వేయించాలి. ఆపరేషను అనగానే భయపడకండి. మాటిమాటికి మూత్రం బిగిసినా, కిడ్నీలు దెబ్బతింటున్నా, రాళ్ళు చేరినా, చీము మళ్ళీ మళ్ళీ వచ్చినా మాత్రలతో లాక్కురావడం మంచిది కాదు. పొట్ట కోయకుండా మూత్రం దారిలోంచే గ్రంథిని చెక్కి తీసే పద్ధతి ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఇప్పుడు లేజరుతోనూ చేస్తున్నారు. విశాఖ కేజీహెచ్‌లో యూరాలజీ విభాగం ఉంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఖర్చు వస్తుందేమో ఆసుపత్రిలో ముందే కనుక్కోండి.

ఎలమంచిలి సోదరికి చెప్పేదిదే. ఆ షాపు మాత్ర పక్కన పెట్టమ్మా. ఈ ఆదివారం నుంచి మూడు రోజులు లెక్క రాయించు. సంచి సర్దు. మీ ఆయన్ని వెంటబెట్టి మావగారిని డాక్టరు దగ్గరికి పంపించు. కసురుకుంటే కసురుకోనీ. మర్నాడు రాత్రి మూడుగంటలు వరసగా నిద్రపోతే ఆయనే మెత్తబడతారు. ఏమైందో నాకు మళ్ళీ ఉత్తరం రాయి.

వచ్చే వారం కొత్త చింతపండు గింజ తీసి, నల్లబడకుండా ఏడాది నిలవ చేసుకోవడం గురించి మాట్లాడుకుందాం. ఉంటాను మరి.